స్టీమ్ డెక్ ఓఎల్ఈడీ: దీనికి ఇంకా పెద్ద గ్రాఫిక్స్ చిప్ కావాలా?

చేతిలో పట్టుకుని పీసీ గేమ్‌లు ఆడుకునే వాల్వ్ కంపెనీ యంత్రం స్టీమ్ డెక్ మాట వస్తే చాలు, మొదట వినపడే ఫిర్యాదు గ్రాఫిక్స్ గురించే. 2022 ఫిబ్రవరిలో వచ్చిన ఎల్‌సీడీ మోడల్‌లో ఎంత గ్రాఫిక్స్ శక్తి ఉందో, 2023 నవంబరులో వచ్చిన ఓఎల్ఈడీ మోడల్‌లోనూ అంతే ఉంది. ఎనిమిది కంప్యూట్ యూనిట్లు (బొమ్మ గీసే లెక్కలు చేసే భాగాలు), 1.6 గిగాహెర్ట్జ్ వేగం, కాగితం మీద 1.6 టెరాఫ్లాప్స్, అంటే సెకనుకు 1.6 లక్షల కోట్ల లెక్కలు. ఈలోగా పోటీలో ఉన్నవాళ్లు పన్నెండు యూనిట్లకు, ఆపైన పదహారుకు వెళ్లిపోయారు. వాల్వ్ మాత్రం కదల్లేదు. ఏటా కాస్త కాస్త పెంచి కొత్త డెక్ అమ్మబోమని, బ్యాటరీ తగ్గకుండా తరం మారినంత తేడా చూపగలిగినప్పుడే తెస్తామని బహిరంగంగానే చెప్పేసింది.

ఇది మొండితనం అనుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. చేతిలో పట్టుకుని ఆడేంతవరకు ఇది మొండితనం కాదు, లెక్క తెలిసి తీసుకున్న నిర్ణయం. ఆ లెక్క తప్పే చోట్లు కూడా ఉన్నాయి. వాటిలో సగం గ్రాఫిక్స్‌కు సంబంధించినవే కావు.

ముందు వాట్లు

డెక్‌లోని చిప్ మొత్తానికి, అంటే సీపీయూకూ గ్రాఫిక్స్‌కూ కలిపి, దొరికేది గరిష్ఠంగా 15 వాట్లు. తెర, మెమరీ, ఎస్ఎస్‌డీ, వైఫై, ఫ్యాన్ తాగేది దీనికి అదనం. బరువైన గేమ్ నడుస్తుంటే బ్యాటరీ నుంచి మొత్తం 20 వాట్ల పైచిలుకు పోతుంది. ఓఎల్ఈడీ మోడల్ బ్యాటరీ 50 వాట్-అవర్లు. 22 వాట్ల చొప్పున లాగితే రెండుంపావు గంటలు. ఇదే డబ్బాలో 30 వాట్ల చిప్ పెట్టామనుకోండి. మొత్తం వినియోగం 40 వాట్ల దగ్గరకు చేరుతుంది, ఆట గంటంపావుకు పడిపోతుంది. పోనీ ఆ చిప్ రెట్టింపు ఫ్రేములు ఇస్తుందా అంటే అదీ లేదు.

ఎందుకివ్వదంటే, చిప్ తాగే కరెంటు వేగంతో సమానంగా పెరగదు. క్లాక్ పెంచాలంటే వోల్టేజీ కూడా పెంచాలి, వినియోగమేమో వోల్టేజీ వర్గాన్ని బట్టి పెరుగుతుంది. రెండూ ఒకే నిష్పత్తిలో పెంచాల్సి వచ్చిందంటే 20 శాతం వేగం కోసం 70 శాతానికి పైగా అదనపు కరెంటు కట్టుకోవాలి. గోడకు ప్లగ్ పెట్టుకున్న డెస్క్‌టాప్‌కు ఇది పెద్ద లెక్క కాదు. చేతిలో ఉన్న 640 గ్రాముల వస్తువుకు ఇదే అసలు లెక్క.

నింటెండో స్విచ్ 2 ఇదే సూత్రాన్ని ఇంకో వైపు నుంచి పట్టుకుంది. 2025 జూన్‌లో వచ్చిన ఈ కన్సోల్‌లో 1,536 కోర్ల వెడల్పాటి ఎన్విడియా గ్రాఫిక్స్ ఉంది. అయితే చేతిలో ఉన్నప్పుడు దాన్ని 561 మెగాహెర్ట్జ్ దగ్గరే నడుపుతారు, టీవీకి కలిపే డాక్‌లో పెట్టాక 1,007కి పెంచుతారు. డెక్‌లో 512 షేడర్ యూనిట్లు (ఒక్కో కంప్యూట్ యూనిట్‌లో 64 చొప్పున ఉండే చిన్న లెక్కల కోర్లు) 1,600 మెగాహెర్ట్జ్ దగ్గర నడుస్తాయి. గుణించి, ఒక్కో దఫాకు రెండు లెక్కల చొప్పున రెట్టింపు చేసి చూడండి: చేతిలో స్విచ్ 2ది 1.7 టెరాఫ్లాప్స్, డెక్‌ది 1.6. రెండు కంపెనీలు, రెండు వేర్వేరు చిప్‌లు, మూడేళ్ల ఎడం. చేతిలో ఆడేటప్పటి అంకె మాత్రం ఇంచుమించు ఒకటే. వేర్వేరు చిప్‌ల టెరాఫ్లాప్స్‌ను పక్కపక్కన పెట్టి పోల్చడం సరికాదన్నది నిజమే, కానీ బ్యాటరీ గీసిన గీత ఎక్కడుందో ఇక్కడ తెలిసిపోతుంది.

2023లో వచ్చిన ఏసస్ రాగ్ ఎల్లై ప్రచారంలో 8.6 టెరాఫ్లాప్స్ అని వేసుకున్నారు. డెక్‌కు అయిదు రెట్లన్నమాట! ఆ అంకె ఎలా వచ్చిందో చూద్దాం. పన్నెండు యూనిట్లలో 768 షేడర్లు ఉంటాయి, వేగం 2.8 గిగాహెర్ట్జ్ దాకా. ఆర్‌డీఎన్‌ఏ 3 నిర్మాణంలో ఒక్కో షేడర్ ఒకే దఫాలో రెండు ఆదేశాలు నడపగలదు కాబట్టి ఫలితాన్ని ఇంకోసారి రెట్టింపు చేశారు. నిజమైన గేమ్‌ల కోడ్‌లో అలా జంటగా నడవగల ఆదేశాలు అన్నివేళలా దొరకవు. పైగా 2.8 గిగాహెర్ట్జ్ అన్నది ధారాళంగా వాట్లు ఇచ్చినప్పటి మాట. 25, 30 వాట్ల దగ్గర ఎల్లై స్పష్టంగా ముందుంటుంది, అందులో సందేహం లేదు. 15 వాట్లకు కట్టేస్తే డెక్‌తో తేడా చాలావరకు కరిగిపోతుంది. 10 వాట్లకు దించితే డెక్కే మెరుగ్గా నడిచే గేమ్‌లు చాలా ఉన్నాయి, ఎందుకంటే డెక్ చిప్ ఆ తక్కువ వాట్లకు సరిపోయేలా తయారైంది. ఎల్లైది ల్యాప్‌టాప్ చిప్ కుటుంబం.

మరుసటి ఏడాది ఎల్లై ఎక్స్ తెచ్చినప్పుడు ఏసస్ ఏం మార్చిందో చూస్తే ఇంకా ఆసక్తిగా ఉంటుంది. గ్రాఫిక్స్ చిప్‌ను ముట్టుకోలేదు. బ్యాటరీని 40 నుంచి 80 వాట్-అవర్లకు పెంచింది, మెమరీని 16 నుంచి 24 గిగాబైట్లు చేసి దాని వేగమూ పెంచింది. బరువు 608 నుంచి 678 గ్రాములయింది. పాత ఎల్లై మీద పెదవి విరిచినవాళ్లు కూడా ఎల్లై ఎక్స్‌ను మెచ్చుకున్నారు. వాల్వ్ ఓఎల్ఈడీలో చేసింది కూడా సరిగ్గా ఇదే: అవే యూనిట్లు ఉంచి తెర, బ్యాటరీ, మెమరీ, ఫ్యాన్ మార్చింది, చిప్‌ను 7 నుంచి 6 నానోమీటర్ల తయారీకి మార్చింది.

ఇది కొత్త గొడవేమీ కాదు. 1989లో నాలుగు ఛాయల మసక తెరతో గేమ్‌బాయ్ వచ్చింది, ఏడాది తిరిగేసరికి రంగుల తెర, బ్యాక్‌లైట్‌తో సెగా గేమ్ గేర్ వచ్చింది. గేమ్ గేర్ ఆరు ఏఏ బ్యాటరీలను కొద్ది గంటల్లో మింగేసేది. గేమ్‌బాయ్‌కు నాలుగే బ్యాటరీలు, అవీ రోజుల తరబడి వచ్చేవి. మార్కెట్ ఎటు మొగ్గిందో చెప్పనక్కర్లేదు.

పది లక్షల పిక్సెళ్లు

డెక్ తెర 1280×800, అంటే 10,24,000 పిక్సెళ్లు. ఎల్లైలోని 1920×1080 తెరకు 20,73,600. రెట్టింపు కంటే కాస్త ఎక్కువ పని. మొదటి లెనోవో లీజియన్ గోలో 2560×1600 తెర పెట్టారు. అది డెక్‌కు నాలుగు రెట్లు. పన్నెండు యూనిట్ల చిప్‌కు నాలుగు రెట్ల పిక్సెళ్లు అప్పగిస్తే ఏమవుతుంది? కొత్త గేమ్‌ను తెర రిజల్యూషన్‌లో ఎవరూ ఆడరు. సగానికి తగ్గించి, 1280×800లోనే ఆడతారు.

800 గీతల తెర ఈ కాలానికి మరీ తక్కువ కాదా అనే ప్రశ్నకు కొలతలతోనే జవాబు చెప్పొచ్చు. 7.4 అంగుళాల తెర మీద 1280×800 అంటే అంగుళానికి 204 పిక్సెళ్లు, ఒక్కో పిక్సెల్ వెడల్పు మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. కంటికి 40 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే ఆ పిక్సెల్ చేసే కోణం ఒక ఆర్క్ నిమిషానికి కాస్త పైన. మామూలు చూపు విడదీసి చూడగలిగే హద్దు కూడా అటూఇటూగా అంతే. అంటే ఈ తెర సరిగ్గా హద్దు మీద కూర్చుంది. 7 అంగుళాల 1080 తెర మీద పిక్సెల్ ఆ హద్దులో మూడింట రెండొంతులే ఉంటుంది. కదిలే బొమ్మలో ఆ తేడా కోసం రెట్టింపు గ్రాఫిక్స్ పని చేయించడం దండగ. తేడా నిజంగా తెలిసేది అక్షరాల దగ్గర. మానిటర్ కోసం గీసిన చిన్న అక్షరాల మెనూలు, ఇన్వెంటరీ జాబితాలు 800 గీతల్లో అలుక్కుపోయినట్టు ఉంటాయి. దానికి మందు గేమ్ తయారీదారు ఇచ్చే అక్షరాల సైజు సెట్టింగే, గ్రాఫిక్స్ చిప్ కాదు.

ఓఎల్ఈడీ తెర గురించి క్లుప్తంగా: నలుపు నలుపుగానే ఉంటుంది, హెచ్‌డీఆర్‌లో 1,000 నిట్స్ వెలుగు వస్తుంది, 90 హెర్ట్జ్. చీకటి దృశ్యంలో ఈ తెర చేసే మేలు షాడోస్ సెట్టింగ్‌ను రెండు మెట్లు పెంచినా రాదు. లోటు ఒక్కటే, వీఆర్ఆర్ (వచ్చే ఫ్రేములకు తగ్గట్టు తెర తన హెర్ట్జ్‌ను మార్చుకోవడం) లేదు. అది పెద్ద లోటే, దాని సంగతి కింద వస్తుంది.

మెమరీ దారి ఇరుకు

ఇక్కడికొచ్చేసరికి యూనిట్ల సంఖ్య మీద జరిగే వాదనంతా నీరుగారిపోతుంది. డెస్క్‌టాప్ గ్రాఫిక్స్ కార్డుకు సొంత మెమరీ ఉంటుంది. హ్యాండ్‌హెల్డ్‌లో సీపీయూ, గ్రాఫిక్స్ రెండూ ఒకే మెమరీని, ఒకే దారిని పంచుకోవాలి. ఎల్‌సీడీ డెక్‌లో ఆ దారి వెడల్పు సెకనుకు 88 గిగాబైట్లు, ఓఎల్ఈడీలో 102.4. మొదటి ఎల్లైలోనూ అదే 102.4. 2025 అక్టోబరులో వచ్చిన రాగ్ ఎక్స్‌బాక్స్ ఎల్లై ఎక్స్‌లో 128.

ఇప్పుడు ఒక్కో కంప్యూట్ యూనిట్ వాటాకు ఎంత వస్తుందో భాగించండి. డెక్ ఓఎల్ఈడీలో ఎనిమిది యూనిట్లకు తలా 12.8 గిగాబైట్లు. మొదటి ఎల్లైలో పన్నెండింటికి తలా 8.5. ఎక్స్‌బాక్స్ ఎల్లై ఎక్స్‌లో పదహారింటికి తలా 8. కోతకు కూలీలను రెట్టింపు చేసి కొడవళ్లు మాత్రం నాలుగే ఎక్కువ తెచ్చినట్టు ఉంది వ్యవహారం. కొత్త చిప్‌లలో క్యాషే (చిప్ లోపలే ఉండే చిన్న, వేగమైన మెమరీ) మెరుగే, మెమరీలోని సమాచారాన్ని కుదించే పద్ధతులూ మెరుగే, కాబట్టి యూనిట్లు పూర్తిగా ఖాళీగా కూర్చుంటాయని కాదు. కానీ యూనిట్లు రెట్టింపైనా ఫ్రేములు ఎందుకు రెట్టింపు కావడం లేదనడానికి పెద్ద కారణం ఇదే. యూనిట్లను ముట్టుకోకుండా మెమరీ వేగం మాత్రమే పెంచిన ఓఎల్ఈడీ మోడల్ కొన్ని గేమ్‌లలో పాత డెక్ కంటే కొద్ది శాతం ఎక్కువ ఫ్రేములు ఇస్తోందంటే ఇరుకు ఎక్కడుందో అర్థం చేసుకోవచ్చు.

కాబట్టి తర్వాతి డెక్ స్పెక్స్ బయటికొచ్చిన రోజున యూనిట్ల సంఖ్య కంటే ముందు చూడాల్సింది మెమరీ బ్యాండ్‌విడ్త్ (పైన చెప్పిన దారి వెడల్పు), చిప్‌లో పెద్ద క్యాషే పెట్టారా లేదా అన్నది.

అడ్డుపడేది ఏదో పట్టుకోవడం

గేమ్ నత్తనడక నడిస్తే గ్రాఫిక్స్‌ను తిట్టడం అందరికీ అలవాటే. డెక్‌లో ఆ ఊహాగానాలతో పని లేదు, కొలిచే పనిముట్టు లోపలే ఉంది. కుడి వైపున్న మూడు చుక్కల బటన్ నొక్కి, బ్యాటరీ బొమ్మ ఉన్న పెర్ఫార్మెన్స్ పేజీకి వెళ్లి, ఓవర్‌లేను (ఆట మీదే అంకెలు చూపే పట్టీ) చివరి మెట్టుకు జరపండి. ఫ్రేమ్ రేట్, గ్రాఫిక్స్ వాడకం శాతం, క్లాక్, ఒక్కో సీపీయూ కోర్ వాడకం, మెమరీ, ఫ్రేమ్ టైమ్ (ఒక్కో ఫ్రేమ్‌కు పట్టే సమయం) గీత అన్నీ కనిపిస్తాయి. ఫ్రేమ్ లిమిట్ తీసేసి, గేమ్‌ను మీడియం సెట్టింగుల్లో 1280×800లో పెట్టి, అందులో అన్నిటికంటే బరువైన చోటికి వెళ్లి నిలబడండి. ఊరి సంత, పోరు సాగే మైదానం, వాన పడే అడవి. ఖాళీ గదిలో కొలిస్తే ప్రయోజనం లేదు.

గ్రాఫిక్స్ వాడకం 95 శాతం దాటి ఉండి, రిజల్యూషన్‌ను 960×600కు దించగానే ఫ్రేములు జంప్ చేశాయంటే అడ్డు గ్రాఫిక్సే. అప్పుడు తగ్గించాల్సిన వరుస ఇది: ముందు వాల్యూమెట్రిక్ ఫాగ్, తర్వాత షాడోస్, ఆ తర్వాత స్క్రీన్ స్పేస్ రిఫ్లెక్షన్స్, ఆంబియెంట్ ఆక్లూజన్. టెక్స్చర్స్‌ను చివరి దాకా ముట్టుకోవద్దు. అవి మెమరీని తింటాయి తప్ప షేడర్లను పెద్దగా అలసట పెట్టవు. అయితే 7.4 అంగుళాల తెరకు అల్ట్రా టెక్స్చర్స్ కూడా అనవసరం, మీడియం లేదా హై చాలు.

రిజల్యూషన్ దించినా ఫ్రేములు కదలకుండా, గ్రాఫిక్స్ వాడకం 60, 70 శాతం దగ్గర తచ్చాడుతోందంటే అడ్డు సీపీయూ. డెక్‌లో ఉన్నవి నాలుగు జెన్ 2 కోర్లు, గరిష్ఠ వేగం 3.5 గిగాహెర్ట్జ్. ఇక్కడ తగ్గించాల్సినవి వేరు: జనసాంద్రత, దృశ్య దూరం, ఫిజిక్స్. ఇంకో చిట్కా ఉంది. పెర్ఫార్మెన్స్ పేజీలో అడ్వాన్స్‌డ్ వ్యూ తెరిచి గ్రాఫిక్స్ క్లాక్‌ను చేత్తో 1,000 లేదా 1,200 మెగాహెర్ట్జ్‌కు కట్టేస్తే, మిగిలిన వాట్లు సీపీయూకు పోతాయి. గ్రాఫిక్స్‌ను తగ్గిస్తే ఫ్రేములు పెరగడం వింతగా అనిపిస్తుంది గానీ, 15 వాట్ల సంచి ఒకటే కదా.

మూడో రకం కుదుపు. ఫ్రేమ్ రేట్ సగటు బాగానే ఉంటుంది, కొత్త చోటికి అడుగుపెట్టినప్పుడో కొత్త మాయ ప్రయోగించినప్పుడో మాత్రం ఫ్రేమ్ టైమ్ గీత ఒక్కసారి నిట్టనిలువుగా లేస్తుంది. ఇది షేడర్లను (ఇక్కడ షేడర్లంటే గ్రాఫిక్స్ చిప్ నడిపే చిన్న ప్రోగ్రామ్‌లు) అప్పటికప్పుడు కంపైల్ చేయడం వల్ల వచ్చేది, గ్రాఫిక్స్ బలహీనత కాదు. డెక్ హార్డ్‌వేర్ మారకుండా ఉండడం వల్ల కలిగే అసలు లాభం ఇక్కడే ఉంది: అందరి దగ్గరా అదే చిప్ కాబట్టి స్టీమ్ ముందే సిద్ధం చేసిన షేడర్లను గేమ్‌తో పాటు దింపగలదు. మొదటిసారి తెరిచేటప్పుడు కనబడే షేడర్ల ప్రాసెసింగ్‌ను స్కిప్ చేయకండి. స్టీమ్ బయట నుంచి, వేరే లాంచర్ల ద్వారా పెట్టుకున్న గేమ్‌లకు ఈ సదుపాయం ఉండదు; వాటిలో మొదటి గంట కుదుపులు ఎక్కువ.

మెమరీ నిండడం వల్ల వచ్చే కుదుపు ఇంకో రకం. 16 గిగాబైట్లను సీపీయూ, గ్రాఫిక్స్ రెండూ పంచుకోవాలి కదా. గేమ్ అర్ధగంట బాగా ఆడి, ఆ తర్వాత ఆగి ఆగి నడవడం మొదలుపెడితే, ఓవర్‌లేలో మెమరీ నిండిపోయి కనిపిస్తే, టెక్స్చర్స్ ఒక మెట్టు దించండి. కొన్ని పాత గేమ్‌లు మాత్రం వీడియో మెమరీ 1 గిగాబైటే ఉందనుకుని మంచి సెట్టింగులను దాచేస్తాయి. వాటి కోసం డెక్‌ను ఆపేసి, వాల్యూమ్ పెంచే బటన్ పట్టుకుని పవర్ నొక్కి, సెటప్ యుటిలిటీలోని అడ్వాన్స్‌డ్ పేజీలో యూఎంఏ ఫ్రేమ్ బఫర్ సైజును 4 గిగాబైట్లు చేసుకోవచ్చు. దీన్ని సర్వరోగ నివారిణిలా అందరికీ సిఫారసు చేసేవాళ్లున్నారు. గ్రాఫిక్స్ తనకు కావాల్సినంత మామూలు మెమరీని ఎలాగూ అరువు తెచ్చుకుంటుంది. ఆ సెట్టింగ్ పెంచితే సీపీయూకు మిగిలేది 12. అవసరం లేకపోతే 1 దగ్గరే వదిలేయండి.

అడ్డు ఏదో తేలాక ఫ్రేములను 40కి కట్టేయడం డెక్‌లో దొరికే అతి మంచి బేరం. 30 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేమ్‌కు 33.3 మిల్లీసెకన్లు, 60 అంటే 16.7. రెండింటికీ సరిగ్గా నడుమ ఉన్నది 25 మిల్లీసెకన్లు, అంటే 45 కాదు, 40. సగం హాయి దొరుకుతుంది, చిప్‌కు పడే అదనపు పని మాత్రం 30 నుంచి మూడో వంతే. ఓఎల్ఈడీ మోడల్‌లో లిమిట్ 40 పెట్టగానే తెర దానంతటదే 80 హెర్ట్జ్‌కు మారి ఒక్కో ఫ్రేమ్‌ను రెండేసిసార్లు చూపుతుంది. ఎల్‌సీడీలో తెరే 40 హెర్ట్జ్‌కు దిగుతుంది, అందువల్ల బటన్ నొక్కిన స్పందన కొంచెం ఆలస్యంగా తోస్తుంది. గేమ్‌లోనే 40 లిమిట్ ఉంటే సిస్టమ్ లిమిట్ కంటే దాన్నే వాడండి, ఆలస్యం తగ్గుతుంది.

ఆ తర్వాత టీడీపీ, అంటే చిప్‌కు ఇచ్చే వాట్ల పరిమితి. 15 నుంచి ఒక్కో వాటు దించుతూ రండి. ఫ్రేములు 40 కంటే కిందికి జారిన చోట ఆగి ఒక వాటు వెనక్కి పెంచండి. పాత గేమ్‌లు, రెండు డైమెన్షన్ల గేమ్‌లు 6, 7 వాట్లలో హాయిగా నడుస్తాయి. పర్-గేమ్ ప్రొఫైల్ స్విచ్ వేయడం మరిచిపోతే ఆ 6 వాట్ల లిమిటే తర్వాత తెరిచిన బరువైన గేమ్‌కూ వర్తిస్తుంది. అకస్మాత్తుగా పది ఫ్రేములు వస్తున్నాయని గాభరాపడేవాళ్లలో చాలామంది సమస్య ఇదే.

చాలని చోట్లు

సీపీయూ మొదటిది. బాల్డర్స్ గేట్ 3లో మూడో అంకంలోని మహానగరానికి వెళ్లేసరికి జనం, వాళ్ల లెక్కలు నాలుగు కోర్లను నలిపేస్తాయి. 2025 సెప్టెంబరులో లేరియన్ స్టూడియో డెక్ కోసం ప్రత్యేకంగా లినక్స్ వెర్షన్ విడుదల చేసింది. విండోస్ ఆదేశాలను అనువదించే ప్రోటాన్ పొర తొలగడంతో సీపీయూ మీద భారం తగ్గింది. చిప్ అదే, గ్రాఫిక్స్ అదే, ఆట నడక మారింది. తర్వాతి డెక్‌లో ఒక్కటే మార్చే వీలుంటే గ్రాఫిక్స్ యూనిట్ల కంటే ముందు సీపీయూ కోర్లను మార్చమనే మేం అంటాం.

రే ట్రేసింగ్ (కాంతి కిరణాల దారిని లెక్కగట్టి వెలుగునీడలు గీయడం) రెండోది, ఇది నిజంగానే గ్రాఫిక్స్ లోటు. ఒక్కో కంప్యూట్ యూనిట్‌కు ఒక్కో రే యాక్సిలరేటర్ చొప్పున ఉన్నవి ఎనిమిదే, అవీ ఆర్‌డీఎన్‌ఏ 2 తరానివి. రే ట్రేసింగ్ ఐచ్ఛికంగా ఉన్నన్నాళ్లు ఆఫ్ చేసి ఊరుకోవచ్చు. ఇండియానా జోన్స్ అండ్ ది గ్రేట్ సర్కిల్, డూమ్: ది డార్క్ ఏజెస్ లాంటి గేమ్‌లు దాన్ని తప్పనిసరి చేశాయి. ఆఫ్ చేసే బటనే లేదు. ఇలాంటివి పెరిగేకొద్దీ డెక్ జాబితా నుంచి భారీ గేమ్‌లు ఒకటొకటిగా జారిపోతాయి, దాన్ని ఏ సెట్టింగూ కాపాడలేదు.

మూడోది అప్‌స్కేలింగ్, అంటే తక్కువ పిక్సెళ్లలో గీసి తెర సైజుకు పెంచడం. ఏఎండీ వారి ఎఫ్ఎస్ఆర్ 2ను 1280×800 తెర మీద క్వాలిటీలో పెడితే లోపల గీసేది 853×533, పెర్ఫార్మెన్స్‌లో పెడితే 640×400. అంత తక్కువ పిక్సెళ్ల నుంచి బొమ్మ కట్టాలంటే ఆకులు, జుట్టు, కంచెలు మిలమిలలాడుతూ బుడగల్లా చెదురుతాయి. క్వాలిటీ కంటే కిందికి వెళ్లకపోవడమే మేలు. గేమ్‌లో ఇంటెల్ ఎక్స్ఈఎస్ఎస్ ఉంటే ప్రయత్నించండి, బొమ్మ స్థిరంగా ఉంటుంది గానీ కొన్ని ఫ్రేములు ఖర్చవుతాయి. స్విచ్ 2లో ఎన్విడియా అప్‌స్కేలింగ్ పద్ధతి డీఎల్ఎస్ఎస్ కోసం ప్రత్యేకమైన టెన్సర్ కోర్లు ఉన్నాయి, డెక్‌లో అలాంటివేవీ లేవు. చేతిలో దాదాపు ఒకే టెరాఫ్లాప్స్ ఉన్నా స్విచ్ 2 బొమ్మ కొన్ని గేమ్‌లలో శుభ్రంగా కనబడడానికి కారణం అదే. బలం పెంచమని అడగడం కంటే ఇలాంటి కోర్లు పెట్టమని అడగడం తెలివైన కోరిక. ఇక ఫ్రేమ్ జనరేషన్ (అసలు ఫ్రేముల మధ్య ఊహించి గీసిన ఫ్రేములు చొప్పించడం) సంగతి: 30 ఫ్రేములు కూడా సరిగా రాని గేమ్‌కు దాన్ని తగిలిస్తే అంకె 50 చూపుతుంది, చేతికి మాత్రం 30 కంటే మందంగా తగులుతుంది. అసలు ఫ్రేములు 60 దగ్గర ఉన్నప్పుడు వాడుకోవడానికి తయారైన పద్ధతి అది.

టీవీ నాలుగోది. స్విచ్ 2 డాక్‌లో కూర్చోగానే గ్రాఫిక్స్ క్లాక్ ఇంచుమించు రెట్టింపవుతుంది, మెమరీ దారి కూడా వెడల్పవుతుంది. డెక్‌ను డాక్‌కు తగిలించి, 45 వాట్ల చార్జర్ ఇచ్చినా చిప్ అదే 15 వాట్ల దగ్గర ఉంటుంది. బ్యాటరీ గొడవ లేని చోట కూడా ఆ గీత దాటకపోవడానికి మాకు మంచి కారణం కనిపించదు. కూలింగ్ పరిమితి ఉందనుకున్నా, కొన్ని వాట్లైనా వదలొచ్చు. పెద్ద తెర మీద 800 గీతల బొమ్మ మసకగా సాగుతుంది, 1080కి పెంచితే బరువైన గేమ్‌లు 30 కూడా అందుకోవు. ఆటంతా టీవీ ముందే అయితే డెక్ కొనకండి.

వీఆర్ఆర్ లేకపోవడం గ్రాఫిక్స్ లోటు కాదు గానీ గ్రాఫిక్స్ లోటులాగే కనబడుతుంది. ఫ్రేములు 43, 51, 47 అని ఊగిసలాడుతుంటే స్థిరమైన హెర్ట్జ్ ఉన్న తెర మీద అది కుదుపుగా మారుతుంది. 120 హెర్ట్జ్ వీఆర్ఆర్ తెర ఉన్న ఎల్లైలో అవే ఫ్రేములు నున్నగా జారిపోతాయి. డెక్‌లో 40కి కట్టేసి స్థిరం చేసుకోవాల్సిన పని ఎల్లైలో చాలాసార్లు ఉండదు. పోటీ హ్యాండ్‌హెల్డ్‌లు హాయిగా నడుస్తున్నాయని అనిపించడంలో సగం ఘనత ఆ తెరది, పన్నెండు యూనిట్లది కాదు.

ఎవరికి ఏది అంటే: చేతిలోనే ఆడతారు, స్టీమ్ లైబ్రరీలో నాలుగైదేళ్ల పాత గేమ్‌లు, చిన్న స్టూడియోల గేమ్‌లు ఎక్కువ, భారీ గేమ్‌లు 30, 40 ఫ్రేముల్లో సరిపోతాయి అనుకుంటే డెక్ ఓఎల్ఈడీ ఇప్పటికీ తీసుకోదగ్గదే. కొత్త భారీ గేమ్‌లు వచ్చిన నెలలోనే ఆడాలి, చార్జర్ పక్కనే ఉంటుంది, బరువు ఫర్వాలేదు అనుకుంటే 80 వాట్-అవర్ల బ్యాటరీ ఉన్న ఎల్లై ఎక్స్ వైపు చూడండి. 40 వాట్-అవర్ల పాత ఎల్లైని మాత్రం వేగం చూసి తీసుకోకండి. ఇప్పటికే ఎల్‌సీడీ డెక్ ఉన్నవాళ్లు గ్రాఫిక్స్ కోసం ఓఎల్ఈడీకి మారితే నిరాశే మిగులుతుంది. తెర కోసం, బ్యాటరీ కోసం మారితే ఇచ్చిన డబ్బుకు న్యాయం జరుగుతుంది.